ప్రతి వరస పక్కన టైం వెయ్యి పాపా

తిరుపతి,
19-01-2022

పాపా,

కోవిడ్ రోగులకు సాయం కోసం మీరు తయారుచేసి, నువ్వు పంపిన షీట్ రాత్రి కూర్చుని మొత్తం చూశాను. 186 వరసలున్నాయి. ఆసుపత్రులు, ఆక్సిజన్ సిలిండర్లు, అంబులెన్సులు, టెస్టులు చేసే ల్యాబులు, ఇంటికి భోజనం పంపేవాళ్లు, అన్నీ ఉన్నాయి. చిత్తూరులో కూర్చుని వారం రోజుల్లో మీ ఐదుగురు పిల్లలు ఇంత పోగుచేశారంటే మెచ్చుకోవాల్సిందే. మెచ్చుకోవడం అయింది, ఇక తిట్లు. ఆ 186లో ఎప్పుడు కనుక్కున్నారో రాసినవి తొమ్మిదే. మిగతా 177 నిన్నటివా, పోయిన ఏడాది రెండో వేవ్ నాటి మే నెలవా? ఒకటి మాత్రం పాతదేనని గట్టిగా చెప్పగలను, ఆ నంబరు అప్పట్లో ఇలాంటి సాయానికే నడిపిన మా గ్రూపులో పెట్టింది నేనే. ఆ సిలిండర్ల కుర్రాడు ఇప్పుడు టిఫిన్ బండి పెట్టుకున్నాడు. ఆక్సిజన్ అడిగితే పాపం ఏం చెప్తాడు?

నేను రైల్వేలో ఉద్యోగం చేశానని నీకు తెలుసు. అందులో పదకొండేళ్లు తిరుపతి స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లోనే గడిచాయి. బండి ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే టైంటేబుల్ చూసి చెప్పేయడం చాలా సులభం. అది అబద్ధమూ కాదు, అడిగినాయనకు పనికొచ్చే నిజమూ కాదు. రేణిగుంటకు ఫోన్ చేసి, బండి అక్కడ వదిలారో లేదో కనుక్కుని, అప్పుడు బోర్డు మీద సుద్దముక్కతో రాసేవాణ్ణి. పక్కనే నేను రాసిన టైం కూడా వేసేవాణ్ణి. తోటి గుమాస్తా ఒకాయన చూసి నవ్వేవాడు, నీ సంతకం కూడా పెట్టరాదా అని. నవ్వితే నవ్వాడు. బోర్డు ముందు నిలబడ్డ మనిషికి అది ఐదు నిమిషాల కిందటి మాటో, రెండు గంటల కిందటి మాటో తెలిస్తే, కాఫీకి వెళ్లాలా, ప్లాట్‌ఫాం మీదికి పరిగెత్తాలా అన్నది తనే చూసుకుంటాడు.

ఇంత నేర్చుకున్నవాణ్ణి, పోయిన ఏడాది మేలో నేనే మరిచిపోయాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు ఆక్సిజన్ బెడ్లున్నాయని పొద్దున కనుక్కుని షీట్లో పెట్టాను. టైం వెయ్యలేదు. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపారు, అది ఊళ్లు తిరిగింది. సాయంత్రం పుంగనూరు నుంచి ఒక కొడుకు తండ్రిని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని దారిలో ఎక్కడా ఆపకుండా వచ్చాడు. బెడ్లు పదకొండింటికే నిండిపోయాయట. గేటు దగ్గర నుంచి నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "మీరు రాశారు కదా సార్" అన్నాడు, అంతే. రెండు గంటలు తిరిగాక ఇంకోచోట చేర్చుకున్నారు, ఆయన కోలుకుని ఇంటికి వెళ్లాడు. వెళ్లాడు కాబట్టే ఈ సంగతి నీకు రాయగలుగుతున్నాను.

అందుకని మొదట ఈ పని చెయ్యి. షీట్లో రెండు గడులు కలుపు: ఎవరు కనుక్కున్నారు, ఏ రోజు ఎన్ని గంటలకు. అవి రెండూ లేని వరసను బయటివాళ్లు చూసే షీట్లో ఉంచొద్దు, వేరే పేజీలోకి తోసెయ్యి. 186 కాస్తా 30 అవుతాయి. అవనీ. చూసేవాళ్లకు చిన్నదిగా కనిపిస్తుందని సిగ్గుపడాల్సిన పనిలేదు. అర్ధరాత్రి రెండింటికి తల్లికి ఊపిరాడక ఫోన్ పట్టుకున్నవాడికి ముప్పై పనిచేసే నంబర్లు చాలు, 186లో వెతుక్కునే ఓపిక వాడికి ఉండదు.

జవాబు రాసేటప్పుడు మూడు మాటలే వాడండి: ఉంది, లేదు, తెలియలేదు. మీ షీట్లో "లేదు" అని ఉన్న రెండు చోట్లకు నేను ఫోన్ చేశాను. ఒకచోట బెడ్లున్నాయి. మీవాడు చేసినప్పుడు ఫోన్ ఎత్తలేదట, అందుకని లేదని రాశాడట. ఎత్తకపోతే "తెలియలేదు" అని రాయాలి. మనకు ఆ మాట రాయాలంటే నామోషీ. రాయండి, ఏమీ కాదు.

స్క్రీన్‌షాట్లను ఆపడం మన తరం కాదు. లింకు పంపండి, అందులో ఎప్పటికప్పుడు మారుతుంది అని ఎంత మొత్తుకున్నా జనం బొమ్మే పంపుతారు. మా పక్కింటావిడకు లింకు నొక్కాలంటేనే భయం, బ్యాంకులో డబ్బు పోతుందని. ఆమె భయంలోనూ తప్పులేదు. కాబట్టి మీరే రోజుకు రెండుసార్లు బొమ్మ తయారుచేసి పంపండి. పైన పెద్ద అక్షరాలతో తేదీ, టైం. కింద "ఈ రోజు సాయంత్రం 6 తర్వాత దీన్ని నమ్మకండి" అని. పాలప్యాకెట్ మీద తేదీ చూసి కొనే జనమే కదా మనం, అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు నీ 41వ వరస. "పద్మావతి, తిరుపతి, బెడ్లు ఉన్నాయి." ఏ పద్మావతమ్మా? నువ్వు చిత్తూరులో పుట్టి పెరిగి కూడా ఇలా రాస్తే ఎలా! స్విమ్స్ పెద్దాసుపత్రి పక్కన ఉన్నది పద్మావతి ఆసుపత్రి, అదే రాష్ట్ర స్థాయి కోవిడ్ ఆసుపత్రి. తిరుచానూరులో ఉన్నది పద్మావతి నిలయం, దేవస్థానం వసతి గృహం. దాన్ని కోవిడ్ కేర్ సెంటర్ చేశారు. లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్లను పెట్టే చోటు అది. పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, పద్మావతిపురం ఉంది, ఇక ఆ పేరుతో ఉన్న మెడికల్ షాపులూ లాడ్జీలూ లెక్కే లేదు. పోయినసారి రక్తంలో ఆక్సిజన్ పడిపోతున్న మనిషిని ఆటోవాడు తిరుచానూరు తీసుకెళ్లాడు, మళ్లీ ఐదారు కిలోమీటర్లు వెనక్కి. ఆటోవాడి తప్పేముంది, చెప్పినవాళ్లు ఒట్టి "పద్మావతి" అన్నారు. పూర్తి పేరు, ఏ రోడ్డు, పక్కన ఏముంది, ఏ గేటు, ఇవన్నీ రాయి. అక్కడ వెంటిలేటర్ ఉందా, ఆక్సిజన్ వరకేనా, మామూలు మంచమేనా అన్నది వేరే గడిలో రాయి. బెడ్డు అని ఒక్క మాట రాసి వదిలితే రోగిని తీసుకొచ్చేవాడు వెంటిలేటర్ అనుకుంటాడు.

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు నుంచి ఫోన్లు వస్తే సగం తమిళంలోనే వస్తాయి. అరవం వచ్చిన పిల్ల ఒకరు మీ జట్టులో ఉండాలి. మదనపల్లె వైపు ఉర్దూ. వేలూరుకు తీసుకెళ్తామనే వాళ్లుంటారు, మీకు దగ్గర కదా. వాళ్లకు మాత్రం తమిళనాడు సరిహద్దులో ఆరోజు ఏం అడుగుతున్నారో కనుక్కునే చెప్పండి.

ఇంకోమాట, మిమ్మల్ని మీరు "వాలంటీర్లం" అని చెప్పుకోకండి. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు నుంచి ఆ మాటకు ఒకటే అర్థం. యాభై ఇళ్లకు ఒకరు, ఒకటో తారీఖు పింఛను తెచ్చేవాళ్లు. నేను ఆ మాట వాడిన పాపానికి ఒక ముసలాయన నెలరోజులు నాకు ఫోన్ చేశాడు, పేరు పింఛను జాబితాలో ఎక్కించమని. కాలేజీ పిల్లలం అని చెప్పండి, చాలు. కానీ మీ వార్డులో ఉన్న అసలు వాలంటీరునూ, ఏఎన్‌ఎంనూ, ఆశా వర్కరునూ మంచి చేసుకోండి. ఏ వీధిలో ఏం జరుగుతోందో గూగుల్ కంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.

మందుల సంగతి, జాగ్రత్తల సంగతి రాసే పేజీ ఉంది చూడు, దాని మీద నాకు బెడ్ల కంటే ఎక్కువ భయం. బెడ్డు సమాచారం పాతబడితే ఒకరోజులో బయటపడుతుంది. వైద్యం సమాచారం పాతబడినా ఎవరికీ తెలియదు. కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య పోయిన ఏడాది మొదట్లో 4 నుంచి 6 వారాలన్నారు, మార్చిలో 6 నుంచి 8 అన్నారు, మే నెలలో 12 నుంచి 16 అన్నారు. మూడూ ప్రభుత్వం చెప్పినవే. మూడూ ఒకేసారి మా గ్రూపులో తిరుగుతుంటే జనం మమ్మల్ని అబద్ధాలకోరులన్నారు. కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసి రోగికి ఎక్కించే ప్లాస్మా కోసం మా పిల్లలు రాత్రింబవళ్లు దాతలను వెతికారు. మే 17న దాన్ని కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చికిత్సా పద్ధతిలోంచి తీసేసింది. ఆ తర్వాత కూడా పది రోజులు మాకు ప్లాస్మా కావాలని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. మీ పేజీలో ఇంకా "హోం ఐసొలేషన్ 10 రోజులు" అని ఉంది. ఈ నెల 5న కేంద్రం మార్చింది. లక్షణాలు తక్కువగా ఉంటే పాజిటివ్ వచ్చిన నాటి నుంచి 7 రోజులు, చివరి మూడు రోజులు వరుసగా జ్వరం ఉండకూడదు. గంటలో మూడుసార్లు చూసినా ఆక్సిజన్ 93 శాతం దాటకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. ఇలాంటివి ఒక మనిషి, రోజూ పొద్దున, ఆరోగ్యశాఖ కాగితం తెరిచి సరిచూడాలి. ఆ కాగితం తేదీ మీ పేజీలో కనిపించాలి. పాత మాటను చెరిపేసి ఊరుకోకండి. "5వ తేదీ వరకు 10 రోజులు, ఇప్పుడు 7" అని రాస్తే పాత మెసేజ్ చేతిలో ఉన్నవాడికి తను చదివింది ఎందుకు తేడాగా ఉందో అర్థమవుతుంది.

మీకు తెలియని వైద్యం మాత్రం రాయొద్దు. డోసులు రాయొద్దు. ఆ మందు మంచిదా, ఈ ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే డాక్టర్ చీటీ ఉందా అని అడగండి. లేకపోతే 104 హెల్ప్‌లైన్‌కు చెయ్యమనండి.

కర్పూరం, వాము, లవంగాలు మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని పోయినసారి ఊరంతా తిరిగింది. మీ పెద్దమ్మ కూడా కట్టింది. నేను గ్రూపులో దాన్ని ఎగతాళి చేస్తూ రాశాను, ఆ ఎగతాళి మెసేజ్‌ని కూడా జనం మందనుకుని ఫార్వర్డ్ చేశారు! అందుకని పుకారును పైన పెట్టి కింద "ఇది తప్పు" అనొద్దు. "ఆక్సిజన్ తగ్గితే ఆసుపత్రికే వెళ్లాలి, వాసనలతో పెరగదు" అని నిజంతోనే మొదలుపెట్టు. పెద్దమ్మను మాత్రం ఏమీ అనకు, ఆ మూట ఇంకా దిండు కింద ఉంది.

ఆసుపత్రి డెస్కులో కూర్చునే వాళ్లనూ కాస్త గుర్తుపెట్టుకోండి. పోయినసారి తిరుపతిలో ఎన్ని గ్రూపులో! అందరూ అదే నంబరుకు చేసేవాళ్లం. ఒక డెస్కు అమ్మాయి ఏడుస్తూ చెప్పింది, పొద్దున్నుంచి మీలాంటి వాళ్లకు చెప్పడంతోనే సరిపోతోంది సార్, రోగి ఇంటివాళ్ల ఫోన్ ఎత్తే తీరిక లేదు అని. ఆ రోజే మిగతా గ్రూపుల అడ్మిన్లతో మాట్లాడి పంచుకున్నాం. ఒక ఆసుపత్రికి ఒక మనిషి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీరు మొదటిరోజే అలా పంచుకోండి.

సాయం అడిగినవాళ్ల పేరు, ఆధార్, రిపోర్టు, వార్డు నంబరు ఇవేవీ గ్రూపులో పెట్టకండి. పని అయ్యాక ఆ మెసేజ్ తీసేయండి. సిలిండర్‌కు ముందే డబ్బు పంపమన్న ఏ నంబరునూ షీట్లో ఎక్కించకండి.

ఇది నీకు ఒక్కదానికే. అడిగినవాళ్లకు మళ్లీ ఫోన్ చేసి "బెడ్ దొరికిందా" అని కనుక్కోవాలి కదా, వరస తీసెయ్యడానికి. మా జట్టులో ఒక అమ్మాయి అలా చేస్తే అవతల "అమ్మ పోయిందక్కా, అరగంటైంది" అన్నారు. పంతొమ్మిదేళ్ల పిల్ల. రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత నుంచి ఆ ఫోన్లు నేనూ, ఇంకో రిటైరైన మాస్టారూ చేశాం. దొరికిందా అని అడగడం మానేశాం. "నేను ఫలానా, నిన్న మాట్లాడాను, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని ఆగేవాళ్లం. అవతలి గొంతులోనే తెలిసిపోతుంది. మీ ఐదుగురూ ఆ ఫోన్లు చెయ్యొద్దు, ఆ నంబర్లు నాకు పంపు. రాత్రి పదకొండుకు షీట్ మూసి ఎవరో ఒకరికి అప్పగించి మిగతావాళ్లు పడుకోవాలి. నిన్నటి నుంచి రాత్రి కర్ఫ్యూ కూడా పెట్టారు, కనీసం దాన్ని చూసైనా ఇంట్లో ఉండండి.

నా రెండో డోసు పోయిన ఏప్రిల్ 28న. మూడో సూదికి ఆగాల్సిన 39 వారాలు ఈ నెల 26కు నిండుతాయి. షుగరుంది కాబట్టి మూడో సూది నాకూ వస్తుంది. ఆ రోజు వార్డు సచివాలయంలో లైను ఎంతుందో, ఏ టీకా వేస్తున్నారో టైంతో సహా నీకు పంపుతాను, షీట్లో వేసుకో. మీ తమ్ముడికి పదిహేను నిండాయి కదా, వాడికి కోవాగ్జిన్ ఒకటే వేస్తారు, వేయించారా?

41వ వరస ఈ రోజే సరిచెయ్యి. సాయంత్రం ఏడింటికి తెరిచి చూస్తాను.

మీ పెద్దనాన్న