క్లయింటు రాయని రూల్స్ కూడా తెలియాలి

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కోడింగ్ బాగానే వస్తుంది. విదేశీ ప్రాజెక్టుల్లో రాణించాలంటే అక్కడి కల్చర్ తెలియాలని సీనియర్లు అంటున్నారు. అమెరికన్ యాక్సెంట్ కోర్సులో చేరమంటారా?

జవాబు: యాక్సెంట్‌కు డబ్బు ఖర్చు పెట్టకండి. నిదానంగా, అర్థమయ్యేలా మాట్లాడితే చాలు. మీ సీనియర్లు చెప్పింది మాత్రం నిజం. మీరు రాసే సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్ల రోజువారీ వ్యవహారాలు మీకు తెలియాలి.

అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ ప్రాజెక్టునే తీసుకోండి. అక్కడ పాలసీ ఉన్నా సాధారణంగా ఏటా కొంత మొత్తం వరకు రోగే కట్టుకోవాలి. దాన్ని డిడక్టబుల్ అంటారు. అది 1,000 డాలర్లు, ఆపై రోగి వాటా 20 శాతం అనుకుందాం. ఆ ఏడాది మొదటి బిల్లు 1,500 డాలర్లు వస్తే రోగి కట్టేది 1,100. ఈ లెక్క రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో, అంటే క్లయింటు తనకేం కావాలో రాసిచ్చే పత్రంలో ఉంటుంది. కానీ కుటుంబం మొత్తానికి విడిగా ఇంకో డిడక్టబుల్ ఉండొచ్చనీ, చాలా ప్లాన్లలో జనవరి 1న లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందనీ రాయకపోవచ్చు. అక్కడివాళ్లకు అవి అందరికీ తెలిసిన సంగతులే, రాయాలని తోచదు. మరి డిసెంబర్ 30న ఆసుపత్రిలో చేరి జనవరి 3న డిశ్చార్జి అయినవారి బిల్లు ఏ ఏడాది ఖాతాలో వేయాలి? కోడ్ మొదలుపెట్టకముందే ఈ సంగతి అడిగిన ఫ్రెషర్‌ను క్లయింటు గుర్తుపెట్టుకుంటాడు. అడగకపోతే ఈ తప్పు టెస్టింగ్‌లోనూ దొరక్కపోవచ్చు, ఎందుకంటే చాలాసార్లు టెస్ట్ కేసులు రాసేది మన పక్క సీటువాళ్లే, వాళ్లకూ ఈ సంగతి తెలియకపోవచ్చు.

04/05 అంటే అమెరికాలో ఏప్రిల్ 5, బ్రిటన్‌లో మే 4. జర్మనీలో 1.500 అంటే పదిహేను వందలు. ఇలాంటివి పనిలో పడ్డాక త్వరగానే వచ్చేస్తాయి. అంత తేలిగ్గా రానిది, గడువు గురించి ఉన్నమాట చెప్పడం. కాల్‌లో మీరు విన్నానన్నట్టు ‘ఓకే’ అంటారు, అటువాళ్లు శుక్రవారానికి పని అయిపోతుందని రాసుకుంటారు. మొహమాటానికి పోయి గురువారం రాత్రి టెన్షన్ పడే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది, పనొచ్చినవాళ్లకే ఈ ఇబ్బంది. “శుక్రవారానికి సగమే అవుతుంది, మిగతాది బుధవారం ఇస్తాను” అని మొదటిరోజే చెప్పేయడం కాలేజీ ప్రాజెక్టుల్లోనే అలవాటు చేసుకోండి.

ఈ సెలవుల్లో ఒక్క రంగం పట్టుకోండి. ఇన్సూరెన్స్ అయితే, అమెరికా ప్రభుత్వ సైట్ హెల్త్‌కేర్.గవ్‌లో ఈ పదాలన్నింటికీ వివరణ ఉచితంగా దొరుకుతుంది. అది చదివి క్లెయిమ్ లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ రాయండి. రాస్తున్నప్పుడు వచ్చిన సందేహాలను వేరే ఫైల్లో పెట్టుకుని, ఇంటర్వ్యూలో ప్రోగ్రామ్‌తో పాటు ఆ ఫైలూ చూపించండి.