టీ కొట్టు దగ్గర ఓ అరగంట

తమ్ముడూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పిన లెక్క నా బుర్రలోంచి పోవడం లేదు. ఇల్లొదిలి రైల్వే స్టేషన్‌లో దిగే పిల్లల్ని చూసుకోడానికి జూన్‌లో పన్నెండు మంది వాలంటీర్లు, ఇప్పుడు ఐదుగురు. ట్రైనింగ్ సరిపోలేదేమో, ఇంకో రెండు రోజులు క్లాసు పెడదామా అని అడిగావు. వద్దు. వాళ్ళు పని చేతకాక మానెయ్యలేదు. పని చేసి ఇంటికెళ్ళాక ఆ బరువుతో ఒక్కళ్ళే కూర్చోలేక మానేశారు. నాకెలా తెలుసంటావా? నేనూ అలాగే ఓ కుర్రాణ్ణి పోగొట్టుకున్నాను.

అప్పటికి నేను బెజవాడ స్టేషన్‌లో పని మొదలుపెట్టి ఆరేళ్ళు. మన స్టేషన్ సంగతి నీకు తెలిసిందే. హౌరా నుంచి, ఢిల్లీ నుంచి మద్రాసు వెళ్ళే లైన్లు రెండూ కలిసేది ఇక్కడే. ఇంట్లో దెబ్బలు తిని దొరికిన బండెక్కిన పిల్లాడికి తను ఎక్కడికెళ్తున్నాడో తెలియదు. బండి కాస్త ఎక్కువసేపు ఆగిందని ఇక్కడ దిగుతాడు. అలా దిగినవాడొకడు, పదేళ్ళుంటాయి. ఒక్క రాత్రిలో మూడు పేర్లు చెప్పాడు. డిగ్రీ చదివే మన వాలంటీర్ ఒకడు మూడు వారాల పాటు పిల్లల హోమ్‌కి వెళ్ళి వాడితో క్యారమ్స్ ఆడాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నాలుగో పేరు పిల్లాడే చెప్పాడు. అది అసలు పేరు. అమ్మానాన్నా వచ్చారు, ఇలాంటి పిల్లలు ఎక్కడుండాలో తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు సంతకాలయ్యాయి, ఇంటికి పంపారు. మేం మైసూర్‌పాక్ పంచుకున్నాం.

నెల తిరక్కుండా ఆ పిల్లాడు మళ్ళీ అదే ప్లాట్‌ఫాం మీద కనిపించాడు. చేతిలో చీపురు ముక్క, బోగీలు ఊడుస్తున్నాడు. మన కుర్రాణ్ణి చూడగానే పార్సిల్ మూటల వెనక నక్కాడు. మనవాడు రిజిస్టర్‌లో రాశాడు: "బాబు తిరిగి వచ్చాడు. మాట్లాడలేదు." కింద నేను సంతకం పెట్టాను. అంతే. "నువ్వు తిన్నావా" అని కూడా అడగలేదు. మర్నాటి నుంచి అతను రాలేదు. పరీక్షలేమో అనుకున్నాను. రెండేళ్ళ తర్వాత గుడివాడ బస్సులో కనబడి చెప్పాడు: "నా వల్లేనక్కా. నేను పేరు చెప్పించకపోతే వాణ్ణి ఆ ఇంటికి పంపేవాళ్ళు కాదు కదా."

ఆ రాత్రే కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పాల్సింది. పోలీసుని చూస్తే పిల్లాడు పరిగెత్తుతాడు. తన మొహం చూపించలేని మనిషిని చూస్తేనే దాక్కుంటాడు. అంతమంది జనంలో వాడికి సిగ్గుపడాల్సిన మనిషంటూ ఒకడు ఏర్పడ్డాడంటే, అది ఆ క్యారమ్స్ ఆడిన మూడు వారాల పనే. ఈ మాట చెప్పడానికి నాకు టీ తాగేంత టైమ్ చాలేది.

అందుకని, నువ్వు క్లాసుకి ఖర్చుపెడదామనుకున్న డబ్బు టీకి పెట్టు. డ్యూటీ అయ్యాక తారాపేట వైపు ఏదో ఒక కొట్టు దగ్గర అరగంట కూర్చోండి. రాత్రి డ్యూటీ అయితే ఇడ్లీ కూడా. "ఎలా ఉంది, బాధగా ఉందా" అని అడక్కు. "బానే ఉందక్కా" అనేసి ఫోన్‌లో తల దూరుస్తారు. "ఇవాళ ఎక్కువసేపు ఎవరి దగ్గర కూర్చున్నావు? ఏమన్నాడు?" అని అడుగు. పిల్లాడి గురించి చెబుతూ చెబుతూ తన గురించి చెప్పేస్తారు. అప్పుడు నువ్వు సలహా ఇవ్వబోకు. నాకు ఈ ఒక్కటి నేర్చుకోవడానికి పదేళ్ళు పట్టింది. ఏడ్చేవాళ్ళ గురించి అంత భయం లేదు. ఎప్పుడూ జోకులేస్తూ ఉండి, ఒకరోజు సైలెంట్‌గా టీ తాగేసి వెళ్ళిపోయినవాడికి రాత్రి ఫోన్ చెయ్యి.

పిల్లల తర్వాతి కబురు వాలంటీర్లకి చేరడం లేదని కూడా గమనించాను. పిల్లాణ్ణి తీసుకొచ్చిన ఇరవై నాలుగ్గంటల్లోపు, ప్రయాణం టైమ్ తీసేసి, సమితి ముందు హాజరుపరచాలి. అక్కణ్ణుంచి హోమ్, హోమ్ నుంచి ఇంకో జిల్లా. రాత్రంతా పక్కన కూర్చున్నవాడికి పిల్లాడు బతికున్నాడో లేదో తెలియదు. వివరాలు చెప్పకూడదు, నిజమే. కానీ సమితి వాళ్ళనడిగి "స్కూల్లో చేరాడట" అని రెండు ముక్కలు మోసుకు రావచ్చు. ఆ పని నీది. వాడు మళ్ళీ పారిపోయినా ఆ కబురు నీ నోటి నుంచే రావాలి, ప్లాట్‌ఫాం మీద ఎదురుపడి తెలియకూడదు.

అన్నిటికంటే బరువైన రాత్రి ఇంకోటుంటుంది. ఏ పదమూడేళ్ళ పిల్లో "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యక్కా" అంటుంది. మన అమ్మాయి జాలితో ఒట్టేస్తుంది. తర్వాత వినేది బంధువు చేసిన ఘోరం. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ఒట్టు తప్పితే పిల్ల దగ్గర దోషి, తప్పకపోతే చట్టం దగ్గర దోషి. అందుకే మొదటి రోజే నేర్పు: "నీకు ప్రమాదమైంది ఏదైనా ఉంటే నేనొక పెద్దావిడకి చెప్పాలి, మిగతావి నా దగ్గరే ఉంటాయి" అని ముందే అనెయ్యాలి. ఆ పెద్దావిడ, లేదా పెద్దాయన, నువ్వే. అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి పోలీస్ స్టేషన్‌కి నువ్వు వెళ్ళు. ఇరవై ఏళ్ళ పిల్లని స్టేట్‌మెంట్ దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టకు. మర్నాడు ఆ అమ్మాయికి డ్యూటీ వెయ్యకు, అలాగని "రెస్ట్ తీసుకో" అని వదిలెయ్యకు. మధ్యాహ్నం భోజనానికి పిలువు.

మిగతావి చిన్నవే, కానీ మనుషులు జారేది వీటి మీదే. ఎవరూ ఒంటరిగా తిరగొద్దు, ఇద్దరిద్దరు. పిల్లల చేతికి డబ్బులివ్వొద్దు. ఆ యాభై రూపాయలు మత్తుకి పీల్చే వైట్‌నర్ గుడ్డ మీదకి పోతాయి, ఇచ్చినవాడు నెల రోజులు కుమిలిపోతాడు. ఆకలంటే వెళ్ళి కొనిపెట్టాలి. సొంత నంబర్లు ఇవ్వకుండా ఆఫీసు సిమ్ ఒకటి తీసుకో. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడితే, జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఆరు నెలల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. పాపం మంచి మనసుతోనే పెడతారు, ముందే చెప్పు. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెడతానన్నవాణ్ణి తిట్టకు. అలా అన్నాడంటే అప్పటికే అలిసిపోయాడని అర్థం. బస్సు ఛార్జీలు నెలాఖరుకి కాకుండా ఏ వారానికావారం ఇచ్చెయ్, స్టూడెంట్లు నోరు విప్పి అడగరు.

ఇంకోటి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 వాళ్ళతో పాత చనువు మీద నడిచిన పని 2023 తర్వాత నడవట్లేదు. అది అత్యవసర నంబర్ 112తో కలిసి ప్రభుత్వం చేతికి వెళ్ళింది, మనుషులు మారారు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, రైల్వే రక్షణ దళం ఆర్‌పీఎఫ్‌లో, రైల్వే పోలీసుల్లో ఎవరితో మాట్లాడాలో నువ్వే తేల్చి పెట్టు. పిల్లాణ్ణి పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరగడం వాలంటీర్లకి పిల్లాడి కథ కంటే ఎక్కువ విసుగు పుట్టిస్తుంది. అన్నట్టు, ఐడీ కార్డు మీద పెద్దక్షరాలతో "వాలంటీర్" అని రాయించకు. నేను పని మానే ముందు రోజుల్లో ఓ పిల్లాడు ఆ కార్డు చూసి, అప్పట్లో ఇంటింటికీ పింఛను పంచిన ప్రభుత్వ వాలంటీర్ అనుకుని, "మా అవ్వకి రెండు నెలల్నుంచి పింఛను రాలేదన్నా" అని మనవాణ్ణి నిలదీశాడు. పింఛను సంగతి ఎలా ఉన్నా, ఆ ఒక్క మాటతో వాడి ఊరు మాత్రం తెలిసిపోయింది.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారం ముందే చూసుకుని జతలు కట్టు. ఆ వారం వచ్చే పిల్లలు వేరు. ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు, చూస్తే పారిపోయినట్టే ఉండరు. వాళ్ళ దగ్గరికి తనూ ఒకసారి ఫెయిలైన వాలంటీర్‌ని పంపు. నీ ఐదుగురిలో చిన్నప్పుడు ఇల్లు వదిలి వచ్చినవాడు ఒకడున్నాడన్నావు. పిల్లలు వాడి దగ్గర తొందరగా నోరు విప్పుతారు, అందుకే అందరూ వాడి మీదకే తోస్తారు. అతనికి వారానికి రెండు రాత్రుల కంటే వెయ్యకు. స్టేజీల మీద అతని కథ చెప్పించకు, విరాళాలు వచ్చినా సరే.

ఇక ఆ వెళ్ళిపోయిన ఏడుగురు. సత్యనారాయణపురం అమ్మాయి, ఆఖరి రోజున ఎవరితోనూ మాట్లాడకుండా రిజిస్టర్ మూసేసి వెళ్ళిందన్నావే, ఆమెకి ఇవాళే ఫోన్ చెయ్యి. ఎందుకు మానేశావని అడక్కు, మళ్ళీ రమ్మనీ అనకు. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో పులిహోర అని చెప్పు. ఇప్పుడున్న ఐదుగుర్నీ తీసుకురా. నేను పన్నెండు మందికి సరిపడా నానబెడతాను చింతపండు.

మీ పెద్దక్క