గర్భిణికి హెచ్‌ఐవీ టెస్ట్ రాస్తే అనుమానించినట్టా?

మొదటి చెకప్‌లోనే హెచ్‌ఐవీ టెస్ట్ రాశారని, అత్తగారి ముందు తల కొట్టేసినట్టయిందని, వద్దని చెప్పొచ్చా అని అడిగారు. నా మొదటి కాన్పప్పుడు నాకూ ఇదే జరిగింది. నర్సు చీటీలోని టెస్టులన్నీ అందరికీ వినబడేలా చదివింది. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ అన్నంతసేపూ ఎవరూ పట్టించుకోలేదు. హెచ్‌ఐవీ అనగానే పక్కనున్నవాళ్ళు నావైపు తిరిగారు. "మమ్మల్ని ఏమనుకుంటున్నారు?" అని మా అత్తగారు గొడవకు దిగారు.

లోపల కౌన్సెలర్ చెప్పాక అర్థమైంది. ఈ టెస్ట్ గర్భిణులందరికీ రాస్తారు. వైరస్ ఉన్నా ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కాబట్టి ఎవరికి అవసరమో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. తల్లికి హెచ్‌ఐవీ ఉండి మందులు వాడకపోతే కడుపులోనో, కాన్పులోనో, పాల ద్వారానో బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. ముందే తెలిసి రోజూ మందులు వేసుకుంటే అది 5 శాతం లోపుకి దిగుతుంది. పుట్టిన బిడ్డకూ కొన్ని వారాలు మందు పోస్తారు. ఈ లెక్క విన్నాక నాకు రెండో ఆలోచన రాలేదు.

మీ అనుమతి లేకుండా చేయకూడదు, నిజమే. అయితే ఆ హక్కుతో టెస్ట్ మానేయకండి, గోప్యత అడగండి. "కౌన్సెలర్‌తో ఒంటరిగా మాట్లాడాలి, రిజల్ట్ నాకే చెప్పండి" అని గట్టిగా అనండి. మనలో చాలామందికి సూది భయం కాదు, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయం. భర్త కొడతాడనో, గెంటేస్తాడనో టెన్షన్ ఉంటే రక్తం ఇవ్వకముందే కౌన్సెలర్‌కి చెప్పాలి.

ఒక్క కిట్‌లో గీత కనిపించినంత మాత్రాన పాజిటివ్ అని తేల్చరు. వేరే టెస్టులతో ఖాయం చేసుకోవాలి.

ఇంకో సంగతి. మీకు నెగటివ్ వస్తే మీవారికీ నెగటివేనని అర్థం కాదు. రెండో కాన్పప్పుడు మేమిద్దరం కలిసే రక్తం ఇచ్చాం. ఆయన పక్కన కూర్చునేసరికి మా అత్తగారు ఒక్క మాటా అనలేదు. మీరూ ఆయన్ని తీసుకెళ్ళండి. రిస్క్ ఉందనిపిస్తే చివరి మూడు నెలల్లో మళ్ళీ చేయమని అడగండి, ఎందుకంటే గర్భంలో ఉండగా కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈసారి టెస్ట్ మాత్రం ఈ చెకప్‌లోనే ఇచ్చేయండి. ఆలస్యమైన కొద్దీ మందులు పనిచేసే టైమ్ తగ్గిపోతుంది.