చోళ్ల పంటపై పరిశోధన పత్రాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: మాది రాయగడ. బరంపురంలో ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను. ప్రాజెక్టుకు చోళ్ల పంటను ఎంచుకున్నాను. పరిశోధన పత్రాల కోసం వెతికితే వంటల వీడియోలు, లేదంటే డబ్బు కట్టమనే పేజీలు వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: వంటల వీడియోలు వచ్చాయంటే మీరు మామూలు గూగుల్‌లో వెతికారన్నమాట. పరిశోధన పత్రాలను వెతకడానికే ఉన్న గూగుల్ స్కాలర్‌లోకి వెళ్లండి. 2004 నుంచి ఉంది, ఉచితం. మనం చోళ్లు, రాగులు అంటాం, ఒడియాలో మాండియా అంటారు. పత్రాల్లో మాత్రం ఫింగర్ మిల్లెట్ అనో, ఎల్యుసైన్ కొరకానా అనే శాస్త్రీయ నామంతోనో రాస్తారు. ఈ రెండింటినీ ఇంగ్లిష్ అక్షరాల్లో విడివిడిగా వెతకండి, పక్కన కోరాపుట్ అని చేర్చండి. అక్కడి సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది, కాబట్టి మీ పొరుగు జిల్లా పేరుతోనే వెతకడం దండగ కాదు.

ఒక మంచి పత్రం దొరికాక చాలామంది అక్కడే ఆగిపోతారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. దాని చివర ఉన్న ఆధారాల జాబితా చూస్తే అంతకుముందు ఎవరేం చేశారో తెలుస్తుంది. కింద 'సైటెడ్ బై' నొక్కితే ఆ తర్వాత దాన్ని ఎవరెవరు ప్రస్తావించారో వస్తుంది. ఇలా ఒక్క పత్రం నుంచి ఇరవై దాకా వెళ్లవచ్చు. అయితే 'సైటెడ్ బై' పక్కనున్న అంకెను మార్కుల్లా చూడకండి. నిరుడు వచ్చిన మంచి పత్రానికి అది సున్నా కావచ్చు. పైగా స్కాలర్‌లో నాసిరకం పత్రికలూ కలిసే వస్తాయి. అనుమానం వస్తే మీ గైడ్‌కు చూపించండి.

సొంత డబ్బు మాత్రం కట్టవద్దు. 'ఆల్ వెర్షన్స్' నొక్కితే అదే పత్రం ఉచిత ప్రతి తరచూ దొరుకుతుంది. ప్రభుత్వ విద్యాసంస్థల వారు పరిశోధన పత్రికలను సొంత డబ్బు కట్టకుండా చదివే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర పథకం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, మీ లైబ్రేరియన్‌ను అడగండి. అదీ కుదరకపోతే రచయితకు మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ రాయండి, చాలామంది పంపిస్తారు.

రోజూ వెతికే శ్రమ లేకుండా స్కాలర్‌లో 'అలర్ట్' పెట్టుకుంటే కొత్త పత్రాలు మెయిల్‌కు వస్తాయి. ఒట్టి ఫింగర్ మిల్లెట్ అని పెడితే మెయిల్ నిండిపోతుంది, మీ అంశాన్ని కూడా జోడించండి.

చివరగా శోధ్‌గంగ. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు అక్కడ ఉచితంగా చదవవచ్చు. వాటిలో సాధారణంగా రెండో అధ్యాయం పాత పరిశోధనల సమీక్షే. అది చదివి దారి తెలుసుకోండి, పేరాలు ఎత్తి రాయకండి. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది.