కౌలాలంపూర్‌లో నలుగురినీ భోజనానికి పిలిచేటప్పుడు

చి॥ అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం పర్మనెంట్ అయినందుకు మీ టీమ్ వాళ్లకి భోజనం పెట్టిస్తానన్నావు. చాలా సంతోషం నాన్నా. ఇద్దరు మలయ్ ముస్లింలు, ఒక చైనీస్ అమ్మాయి, ఒక తమిళ అబ్బాయి, గుడ్డు కూడా ముట్టని నువ్వు. ఈ దేశంలో ఇలాంటి బల్లలు రోజూ కనిపిస్తాయి. అయితే పిలిచేది నువ్వు కాబట్టి ఎవరికి ఏది పడుతుందో ముందే కనుక్కోవాల్సింది కూడా నువ్వే. బల్ల దగ్గర కూర్చున్నాక అడిగితే మొహమాటపడి ఎవరూ చెప్పరు.

ముందు హోటల్ సంగతి. తలుపు మీద జాకిమ్ వాళ్ల, అంటే ఇక్కడి ప్రభుత్వ ఇస్లాం మత శాఖ వాళ్ల, హలాల్ గుర్తు ఉందో లేదో చూడు. ‘పోర్క్ ఫ్రీ’ అన్న బోర్డు చూసి సరిపోతుందనుకోకు. పంది మాంసం వండకపోయినా మిగతా మాంసం హలాల్ కాకపోవచ్చు, వంటలో వైన్ పడొచ్చు. మంచి మలయ్ హోటల్ చూసుకుంటే ఆ బెంగే ఉండదు. బీరు ప్రస్తావన తేకు. వాళ్లు ఏమీ అనకపోయినా ఆ పూటకి వద్దు.

బీఫ్ కూడా తెప్పించకు. తమిళ అబ్బాయి ఒక్కడి కోసమే కాదు, ఇక్కడ గువాన్‌యిన్ అమ్మవారిని కొలిచే చైనీస్ వాళ్లలో చాలామంది బీఫ్ తినరు. రెండాంగ్ అనే ఇగురుకూర లేకుండా ఆ భోజనం వెలితిగా ఉంటుంది కాబట్టి చికెన్ రెండాంగ్ చెప్పు. కొబ్బరిపాలల్లో నిమ్మగడ్డి, దుంపరాష్ట్రకం వేసి, ముక్కకి మసాలా పట్టేదాకా సన్నని సెగ మీద ఇగరబెడతారు. వేయించిన కొబ్బరిని నూనె తేలేలా నూరి కలుపుతారు. దాని కమ్మదనమంతా అక్కడే ఉంది. బాగా చేసిన రెండాంగ్ గిన్నెలో పులుసు ఉండదు.

ఇక నీ తిండి. ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే కుదరదు. కాంగ్‌కుంగ్ బెలాచాన్ అని వస్తుంది, చూస్తే మన తూటికూర వేపుడే. అందులో వేసే బెలాచాన్ మాత్రం రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి చేసిన ముద్ద. సంబల్ అనే మిరపకాయ పచ్చళ్లలో చాలావాటిలోనూ అదే పడుతుంది. కొబ్బరిపాలల్లో కూరగాయలు ఉడికించే సాయుర్ లోదెలో ఎండురొయ్యలు నూరి వేస్తారు. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పక్కన ఇకాన్ బిలిస్ అనే చిట్టి ఎండుచేపలు పెడతారు. పసుపుపచ్చగా, మెత్తగా, గుండ్రని బిళ్లలుగా వచ్చే టోఫు గుడ్డుతో చేసింది. అందుకని చేప, రొయ్య, గుడ్డు, బెలాచాన్, ఆయిస్టర్ సాస్ ఒక్కోటీ పేరు పెట్టి వద్దని చెప్పు. తూటికూర వెల్లుల్లి వేసి వేయించమంటే సంతోషంగా చేస్తారు.

ఇదంతా తలనొప్పి అనుకుని నీకొక్కడికే ఫ్రైడ్ రైస్ తెప్పించుకుని పక్కన కూర్చోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఇక్కడ అన్నం ఎవరి పళ్లెం వాళ్లది, కూరలు మాత్రం బల్ల మధ్యన అందరివీ. ఐదుగురికి ఐదు రకాలు చెబితే అందులో మూడు నువ్వు తినగలిగేవి ఉండనీ: తూటికూర, మామూలు సోయా టోఫు వేపుడు, ఒక వంకాయ కూర. చికెన్, చేప మిగతా రెండూ. అప్పుడు అందరి చెయ్యీ నీ గిన్నెల్లోకి వస్తుంది, అందరితో కలిసి తిన్నట్టూ ఉంటుంది. గిన్నెకో గరిటె పెట్టించు. నీది చేపకూర గరిటెతో కలవకుండా చూస్తుండు. నీ సంగతి వాళ్లకి ముందే చెబితే వాళ్లే జాగ్రత్తపడతారు, ఇక్కడి వాళ్లకి అది అలవాటే.

గిన్నెలు రాగానే ‘జెంపుట్ మాకన్’ అను, అంటే ‘భోంచేయండి’ అని, పిలిచినవాడు ఆ మాట అనేదాకా కొందరు మొదలుపెట్టరు. ఒక్కసారే పళ్లెం నింపుకోకుండా ఒకటి రెండు రకాలు కొంచెం కొంచెంగా వేసుకోవాలి. చేత్తో తింటే కుడిచెయ్యే. స్పూన్, ఫోర్క్ అయితే స్పూన్ కుడిచేతిలో. గిన్నె అందించడం కూడా కుడిచేత్తోనే. తే తారిక్ అనే పాల టీ కండెన్స్‌డ్ మిల్క్‌తో బాగా తియ్యగా ఉంటుంది, తగ్గించమనాలంటే ‘కురాంగ్ మానిస్’ అను.

శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోకు, మలయ్ వాళ్లు నమాజుకి వెళ్లాలి. ఉపవాసాల నెల అయితే సాయంత్రం పెట్టుకో, టేబుల్ చాలా ముందే బుక్ చెయ్యి. అజాన్ వినబడేదాకా నువ్వు కూడా గ్లాసు ముట్టుకోకు. ఖర్జూరం తిని కొందరు నమాజు చేసుకుని వస్తారు, తొందరపెట్టకు.

బిల్లు దగ్గర పోటీ పడతారు. చేతులు కడుక్కునే వంకతో లేచి కౌంటర్‌లో కట్టేసిరా. పెద్ద హోటల్ అయితే 6 శాతం పన్ను, చాలాచోట్ల 10 శాతం సర్వీస్ ఛార్జ్ కలుపుతారు, పైన టిప్పు ఇవ్వక్కర్లేదు. మిగిలినవి ‘తాపావ్’ అంటే డబ్బాల్లో కట్టిస్తారు. ముందు వాళ్లని తీసుకోమను.

రోజు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. ఆ హోటల్ మెనూ ఫోటో పంపితే ఏవి చెప్పాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ