సొంత ఇంట్లో పోర్షన్లు బాడుగకిస్తే మనమే చూసుకోగలమా, ఏజెంటు కావాలా?

మీరు అడిగింది తిరుపతిలో మనం కింద ఉండి వెనకా పైనా పోర్షన్లు బాడుగకిస్తే చూసుకోవడం కష్టమా, ఎవరినైనా పెట్టుకోవాలా అని కదా. ఎవరూ అక్కర్లేదండీ. పోర్షన్‌కొక కరెంటు మీటరు పెట్టించుకోండి, అంతే. బాడుగ ఇళ్ళల్లో గొడవలు ముక్కాలు వంతు మీటరు దగ్గరే మొదలవుతాయి, బాడుగ డబ్బుల దగ్గర కాదు. బాడుగ ఐదో తేదీకి రాకపోతే పదో తేదీకి వస్తుంది, యాడికి పోతారు, అడ్వాన్సు మన దగ్గరే ఉంటుంది.

మాది బైరాగిపట్టెడ. మా మామగారు కట్టించినప్పుడు ఇల్లంతా ఒకే కుటుంబం కాబట్టి ఒకటే మీటరు. తర్వాత వెనకొక పోర్షను, మిద్దె పైనొక పోర్షను విడగొట్టి బాడుగకిచ్చినాము, లోపల సబ్ మీటర్లు (ఒక్కో పోర్షను ఎన్ని యూనిట్లు వాడిందో చూపే చిన్న మీటర్లు) పెట్టించి, నెల బిల్లు రాగానే యూనిట్ల లెక్కన పంచుకోవడం. ఊర్లో ఎన్నో ఇళ్ళు ఇట్లాగే నడుస్తా ఉండాయి, చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది కూడా.

వెనక పోర్షన్లో రిటైరైన లెక్కల సారు, వాళ్ళావిడ. ఇద్దరే మనుషులు, ఫ్యాను కూడా అవసరమైతేనే వేసే రకం. పైన ఒక కుర్రోడు చేరినాడు, రేణిగుంట వైపు కంపెనీలో పని, పెళ్ళయింది, అమ్మానాన్నలు కూడా వచ్చి ఉంటారు ఆంటీ అన్నాడు. సరే అన్నాము. చేరిన కొత్తల్లో బాగానే ఉండింది. ఎండాకాలం సెలవులు మొదలైనాక పైన ఒకటే సందడి, రాత్రి పన్నెండుకు కారు వచ్చి ఆగడం, తెల్లారి మూడుకే బకెట్ల చప్పుడు, మిద్దె మీద తాడు నిండా తడి చీరలు, పంచెలు. మా ఆయన నిద్ర పట్టక లేచి కూర్చునేవాడు. చుట్టాలేమో, స్వామి దర్శనానికి వచ్చినారేమో అనుకున్నాము, తిరుపతిలో ఇల్లున్నోళ్ళకి చుట్టాలకేం కొదవ, మాకూ వస్తారు, పెళ్ళిలో ఒకసారి కనిపించినోళ్ళు కూడా ఫోన్ చేసి రెండ్రోజులుంటాము అంటారు, అది వేరే కథ.

ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తా ఉండాను. గుండు మీద గంధం పూసుకున్న పెద్దాయన ఒకరు మెట్లు దిగొచ్చి, సేలం నుంచి వచ్చినారంట, నా చేతిలో ఒక లడ్డు పెట్టి తమిళంలో చాలా మర్యాదగా అడిగినాడు, ‘అమ్మా, గది ఎన్ని గంటలకు ఖాళీ చేయాల? గీజర్లో వేడినీళ్ళు అయిపోయినాయి, ఇంకో రెండు బకెట్లు పంపిస్తారా?’ అని. నన్ను లాడ్జిలో పనిమనిషి అనుకున్నాడు! నేను ముగ్గు పిండి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయినా. రోజుకింత అని డబ్బులు ముందే కట్టేసినాడంట, ఫోన్లో చూపించినాడు కూడా. మా పోర్షన్ ఫోటోలు, మా మిద్దె మీది నుంచి కనిపించే కొండ ఫోటో, అన్నీ పెట్టేసి ఉండాడు ఈ కుర్రోడు.

అడిగితే అందరూ మా వాళ్ళే ఆంటీ అన్నాడు. మొన్న రాయచూరు, నిన్న నెల్లూరు, ఈరోజు సేలం, ఇంతమంది బంధువులు ఆ వెంకటేశ్వరస్వామికి కూడా ఉండరు కదా నాయనా అన్నా. అసలు గొడవ ఆ నెల బిల్లుతో లేచింది. మామూలుగా పైన ఎనభై యూనిట్లు దాటేది కాదు, ఆ నెల 230. మాకు 110, సారుకు 60, మొత్తం కలిపి 400. సారు క్యాలెండరు కాగితం వెనక లెక్కలు వేసుకుని వచ్చి మా హాల్లో కూర్చున్నాడు. ‘అమ్మా, నేను ఫ్యాను కింద కూడా కూర్చోకపోతిని, నా వాటా ఎందుకు పెరిగింది?’

ఆయన చెప్పింది ఇది. 2022 ఆగస్టులో వచ్చిన స్లాబుల (వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేట్ల) ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఒకే మీటరు మీద 400 కాలితే యూనిట్ చార్జీలే 2,548 రూపాయలు, అంటే సగటున యూనిట్ 6.37. సారు 60 యూనిట్లకు 382 కట్టాల. ఆయనకే సొంత మీటరుంటే 147తో అయిపోతుంది! మూడు పోర్షన్లకూ మూడు మీటర్లుంటే మొత్తం 1,557, అంటే దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు ఊరికే పోతా ఉండాయి. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు ఇవన్నీ పక్కన పెట్టి చెప్తున్నా. సబ్ మీటరు యూనిట్లను పంచుతుంది గానీ స్లాబును పంచదు, పైవాడి గీజరు పాపం వెనకాయన నెత్తిన పడుతుంది.

పై కుర్రోడిని పంపించేసినాము, అడ్వాన్సులో కరెంటు బాకీ పట్టుకుని మిగతాది ఇచ్చేసినాము. ఇంట్లో పెట్టుకుని లాడ్జి నడిపితే అది ఇంటి మీటరు కిందికి రాదు, కమర్షియల్ కిందికి వస్తుంది, తనిఖీకి వస్తే ముందు పట్టుకునేది మీటరు పేరున్న ఓనర్నే. తర్వాత ఒక్కో పోర్షనుకు మెయిన్ నుంచి వేరే వైరు లాగించి, విడివిడిగా సర్వీసులకు అప్లై చేసినాము. వైరింగు ఖర్చు అయింది, కాలేదనను, కానీ ఆ తర్వాత మా ఇంట్లో కరెంటు మాట ఎత్తినోళ్ళు లేరు. బోరు మోటారు మాత్రం మా మీటరు మీదే పెట్టుకుని నెలకింత అని అందరి దగ్గరా సమానంగా తీసుకుంటాము, మీరూ అట్లాగే చేయండి, మోటారు లెక్క యూనిట్లలో తెగదు. ఎండాకాలం ట్యాంకరు తెప్పిస్తే ఎవరెంత అనేది చేరేటప్పుడే మాట్లాడుకోవాల, సంపు ఎండినాక కాదు.

అగ్రిమెంటు తప్పకుండా రాయించండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటితేనే రిజిస్టర్ చేయించాలని అందరూ 11 నెలలు అంటారు, కానీ మన ఆంధ్రలో 1999 సవరణ తర్వాత 11 నెలల అగ్రిమెంటైనా రిజిస్టర్ చేయించాల్సిందే. స్టాంపు పేపరు అమ్మేవాళ్ళ దగ్గర రెడీగా ఉండే మ్యాటరు మీద సంతకాలు పెట్టొద్దు, వేరేవాళ్ళకి రోజుకో పూటకో ఇవ్వకూడదు అని ఒక లైను మీరే రాయించండి, తిరుపతిలో అయితే ఇది తప్పనిసరి. ఎంతమంది ఉంటారో కూడా రాయించండి.

టాక్సు గురించి మా తమ్ముడు తెగ భయపెట్టినాడు కానీ అంత లేదు, వచ్చిన బాడుగలో మీరు కట్టిన ఇంటి పన్నులో ఆ పోర్షన్ల వంతు తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం తీసేసి, ఆ మిగిలిందే ఆదాయంలో కలుస్తుంది, రిపేరు చేయించినా చేయించకపోయినా ఆ 30 శాతం వస్తుంది, బిల్లులు దాచక్కర్లేదు. ఇంటి పన్ను 2021 నుంచి ఇంటి విలువ మీద వేస్తా ఉండారు, ఏడాదిది మొత్తం ఏప్రిల్లోనే కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు, ఏప్రిల్లో ఎండకు భయపడి పోకుండా ఉండిపోతారు చూడండి, వాళ్ళకి చెప్తున్నా.

ఇక ఏజెంటు. ఒక నెల బాడుగ తీసుకుంటాడు, ఎవర్నో ఒకర్ని తెచ్చి పడేస్తాడు, తర్వాత ఫోన్ ఎత్తడు. ఆ పై పోర్షను కుర్రోడిని తెచ్చింది ఏజెంటే, మంచి ఫ్యామిలీ మేడం అని చెప్పి మరీ తెచ్చినాడు. ఇప్పుడు పైన ఉండేది ఆస్పత్రిలో నర్సులు ఇద్దరు, సారు వాళ్ళావిడకు తెలిసినోళ్ళు, పైసా ఖర్చు కాలేదు.