టెస్ట్ డ్రైవ్ బండిలో మీ ఫోన్‌బుక్

ప్రశ్న: మాది హనుమకొండ. కాంపాక్ట్ ఎస్‌యూవీ కొందామని మూడు కంపెనీల బళ్లు చూశాం. ధర, మైలేజీ దాదాపు ఒకటే. ఒకదాంట్లో స్క్రీన్ పెద్దది, ఒకదాంట్లో ఫోన్ నుంచే ఏసీ వేయొచ్చు, ఇంకోదాంట్లో సన్‌రూఫ్ ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఈ నెలలో ఇదే ప్రశ్న ఐదుగురు పంపారు. అందరూ స్క్రీన్ ఎన్ని అంగుళాలో రాశారు, వెనక సీట్లో అమ్మానాన్నలకు మోకాళ్లు పడతాయా లేదా అన్నది ఒక్కరూ రాయలేదు.

మూడు బళ్లూ ఒకేలా అనిపించడానికి కారణం పన్ను. పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతే జీఎస్టీ 18 శాతం. దాటితే 40 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇదే లెక్క. అందుకే చాలా కంపెనీలు ఆ కొలతల్లోనే సర్దుతాయి. ఇక షోరూంలో తేడా చూపించడానికి మిగిలేది స్క్రీనే.

ఆ స్క్రీన్ మీద నాకు కోపం ఉంది. వానాకాలం సాయంత్రం హంటర్ రోడ్డులో ముందు అద్దం మసకబారిందనుకోండి. గాలి అద్దం మీదికి తిప్పాలంటే కొన్ని బళ్లలో స్క్రీన్‌లో రెండు మూడు చోట్ల నొక్కాలి. అంతసేపూ కళ్లు రోడ్డు మీద ఉండవు. చేత్తో తడిమి తిప్పే గుండ్రటి బటన్‌ను తీసేయడం డిజైన్ అనిపించుకోదు, నిర్లక్ష్యం. యూరప్‌లో క్రాష్ టెస్టులు చేసే యూరో ఎన్‌క్యాప్ కూడా ఇండికేటర్, హారన్, వైపర్ లాంటి వాటికి విడిగా బటన్లు ఉంటేనే పూర్తి మార్కులని 2026 నుంచి నిబంధన పెట్టింది. మీరు చూసిన పెద్ద స్క్రీన్ బండికి ఏసీ బటన్లు లేకపోతే దాన్ని ఇప్పుడే పక్కన పెట్టేయండి.

మన దేశంలో క్రాష్ టెస్టులు చేసి ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ స్టార్ల గురించి ఒక్క మాట: అవి మీరు కొనే వేరియంట్‌కు వర్తిస్తాయో లేదో చూసుకోండి.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టేది వేరే ఉంది. పోయిన నెల మా తమ్ముడితో కలిసి ఒక షోరూంకు వెళ్లి టెస్ట్ డ్రైవ్ బండి ఎక్కాను. బ్లూటూత్ లిస్టు తెరిస్తే పదకొండు ఫోన్ల పేర్లున్నాయి. పాటలు విందామని ఎవరో ఫోన్ కలిపారు, కాంటాక్ట్స్ అడిగితే ‘అలో’ నొక్కారు, దిగి వెళ్లిపోయారు. చాలా బళ్లు అప్పుడే ఫోన్‌బుక్‌ను, కాల్ లిస్టును తమలోకి దించుకుంటాయి. ఆ ఫోన్ దగ్గర లేకపోతే కొన్ని వాటిని కనపడనివ్వవు, కొన్ని చూపిస్తూనే ఉంటాయి. ‘అమ్మ’, ‘బ్యాంకు మేనేజర్’ అన్న పేర్లు, నంబర్లతో సహా మోసగాడి చేతిలో పడితే ఇంటికి ఎలాంటి ఫోన్లు వస్తాయో ఆలోచించండి.

ఫోన్ నుంచే ఏసీ వేసే బండి డోర్‌ను చాలాసార్లు ఆ యాప్‌తోనే తీయొచ్చు. అంటే ఆ పాస్‌వర్డ్ కూడా ఒక తాళం చెవే. దాన్ని షోరూం కుర్రాడి చేత పెట్టించుకోవద్దు. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు హైవే మీద పోతున్న బండిని ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా ఆపి చూపించారు. ఆ దెబ్బకు 14 లక్షల బళ్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. అందుకే సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆ యాప్ ఉచిత గడువు అయిపోయాక ఏడాదికి ఎంత కట్టాలో కూడా.

జేబులో ఉంటే చాలు, డోర్ తెరుచుకునే కీ ఇస్తారా? ఇంట్లో గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడే ఆ కీ సిగ్నల్‌ను చిన్న పరికరాలతో బయట బండిదాకా సాగదీసే దొంగలున్నారు. కదలకుండా ఉంటే సిగ్నల్ ఆపేసి నిద్రపోయే కీలు వచ్చాయి, మీ మూడింటిలో ఏదానికి ఉందో అడగండి. లేకపోతే బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో కీ వేసి, డబ్బా పట్టుకుని బండి దగ్గరికి వెళ్లి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు.

సన్‌రూఫ్ ఉందా లేదా అన్నది నా లెక్కలో లేదు. పక్కన పెట్టగా మిగిలిన బళ్లలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ములుగు రోడ్డులో అరగంట తిరగండి. వెనక కూర్చున్నవాళ్లు ఏది బాగుందంటే అది తీసుకోండి. టెస్ట్ డ్రైవ్‌లో ఫోన్ కలిపి ఉంటే, దిగే ముందు లిస్టులోంచి మీ పేరు తీసేయండి. పోయిన వారం ఎక్కిన బళ్లలో కలిపి ఉంటే, రేపే వెళ్లి తీయించండి.